గూడ్సు బండి పోనీయమ్మా

మా ఇంటికి ఎవరొచ్చినా నిద్రొస్తుంది. మొన్న ఎండవేళ ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పని అయ్యాక మంచినీళ్ళు తాగి కాసేపు గోడకి జేరగిలబడ్డాడు. నేను టీ పట్టుకొచ్చేసరికి గుర్రు కొడుతున్నాడు. లేపబుద్ధి కాలేదు. ఆ టీ నేనే తాగుతూ అతనికి ఎదురుగా కూర్చున్నాను. ఈ ఇంటిని మాకమ్మిన మనిషి గుర్తొచ్చింది. ఆవిడుంటే సంతోషంగా తలూపి, అతని కళ్ళ మీద వెలుగు పడకుండా వాకిలి తలుపు ఒక రెక్క దగ్గరగా వేసేది.

నరసరావుపేటలో ఇప్పటికీ ఈ ఇంటికి దారి చెప్పాలంటే మా పేరు పనికిరాదు. మోటార్ల సాయిబుగారిల్లు అనాలి. చుట్టుపక్కల ఊళ్ళ రైతుల మోటార్లు కాలిపోతే వాటికి రాగితీగ మళ్ళీ చుట్టి ఇచ్చిన మనిషి ఆయన. మేము రాకముందే పోయారు. నేను చెబుతున్నది ఆయన భార్య గురించి. నేను ఆమెను పిన్నీ అనేదాన్ని. మా అత్తయ్య వదినా అనేది. ఆ వరసైతే ఎగతాళికి వీలుగా ఉంటుందని ఆమె ఉద్దేశం.

పొట్టి మనిషి. మాట్లాడేటప్పుడు కళ్ళు సగం మూసుకునేది. ఎదుటివాళ్ళ మాట వింటూనే దూరంగా ఇంకేదో వింటున్నట్టు ఉండేది. ఎక్కడ కూర్చోబోయినా ముందు నేలను అరచేత్తో రెండుసార్లు తట్టేది, పాడిగేదెను తట్టినట్టు. కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ నేలే ఒక వింత. మన పల్నాటి నాపరాయే, పెద్ద పెద్ద బండలు పరిచి ఉంటాయి. కానీ ఏళ్ళ తరబడి పాదాలు తిరిగి తిరిగి నున్నబడి, లేత నీలం రంగు తేలి, నిలవనీళ్ళలా ఉంటుంది. బయట రోహిణి ఎండ పెళపెళలాడుతున్నా అరికాలు పెట్టగానే ఒళ్ళంతా చల్లబడుతుంది. సాయిబుగారు ఆ హాల్లోనే కూర్చుని మోటార్లు చుట్టేవారట. తెగిపడిన రాగితీగ ముక్కలు బండల సందుల్లో ఇరుక్కుపోయి అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం పూట వెలుగు ఏటవాలుగా పడినప్పుడు ఆ సందులు ఎర్రగా మెరుస్తాయి.

మేము నకరికల్లులో ఉన్న చిన్న ఇల్లు అమ్ముకుని పేటలో ఇల్లు వెతుక్కుంటున్న రోజులవి. నేను పాఠాలు చెప్పే స్కూలు ఇక్కడ. మా ఆయన పనిచేసే పురుగుమందుల కొట్టు ఇక్కడే. అక్కడ ఇల్లు కొన్నవాళ్ళు ఎప్పుడు ఖాళీ చేస్తారని రోజూ ఫోను. నేనసలే నిదానం లేని మనిషిని. పాలు పొంగేదాకా కూడా ఆగలేక స్టవ్వుతో పోట్లాడతానని మా ఆయన అంటాడు. ఒక ఆదివారం ముగ్గురం ఈ ఇల్లు చూడటానికి వచ్చాం. గదులు చూపించమంటే ఆమె కదల్లేదు.

"ముందు అన్నం తినండి," అంది.

"ఇల్లు చూసి పోతామండీ, బోలెడు పని ఉంది," అన్నాను.

"చూస్తే ఏం తెలుస్తదమ్మాయ్? ఇంట్లో ఒక పూట తినాలి, ఒక కునుకు తియ్యాలి. కొత్త చోట అన్నం సయించి నిద్ర పట్టిందా, ఇల్లు ఒప్పుకున్నట్టే. పోయిన వారం ఒకళ్ళొచ్చి టేపు పెట్టి గోడలన్నీ కొలుచుకున్నారు. చానా ఎక్కువిస్తామన్నారు. ఒక్కళ్ళు కూడా కూర్చోలా. కూర్చోనోళ్ళకి ఇల్లెందుకు?"

మా అత్తయ్యకి మడీ ఆచారం ఎక్కువ. సాయిబుల ఇంట్లో తినడమా అని ఆమె మొహంలో కనపడుతూనే ఉంది. ఈరోజు నాకు ఉపవాసం అనేసింది. పిన్ని ఏమీ అనుకోలేదు. లోపలికెళ్ళి రెండు అరటిపళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తొక్కున్న పండు ఎవరి చేతిదైనా ఒకటే గందా వదినా."

అత్తయ్య గొంతులో పండు అడ్డం పడినంత పనైంది. మేమిద్దరం జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ తిన్నాం. ఆ తర్వాత ఏమైందో నాకు సరిగ్గా తెలీదు. మా ఆయన కరెంటు మీటరు సంగతేదో అడుగుతున్నాడు. ఆ మాటలు దూరం దూరం జరుగుతూ పోయాయి. కళ్ళు తెరిచేసరికి తల కింద మడత పెట్టిన చీర ఉంది. గోడ మీద ఎండ ఇంకో చోటికి మారింది. పగటిపూట నిద్రంటే ఎరగనిదాన్ని, ముక్కూ మొహం తెలీని ఇంట్లో పరుపు కూడా లేకుండా అంతసేపు పడుకున్నానంటే నాకే సిగ్గేసింది.

"ఒప్పుకుందమ్మా. బయానా తెచ్చుకోండి," అంది పిన్ని. నేను అప్పటికింకా వంటిల్లు కూడా చూడలేదు.

ఇంత ఇష్టమైన ఇల్లు ఎందుకు అమ్ముతున్నట్టు? ఇంట్లో సగం సాయిబుగారి తమ్ముడిది. అతను తన వాటా తనకిమ్మన్నాడు. ఆమె ఆ వాటా కొనలేదు, అతనూ ఈమె వాటా కొనలేడు. అందుకని అమ్మేసి, తన సగంతో నడికుడిలో రెండు గదుల ఇల్లు తీసుకోవాలని ఆమె ఆలోచన. నడికుడి ఆమె పుట్టిన ఊరు. తండ్రి రైల్వే గేటు కాపలా మనిషి. కూతురు కూడా ఆ ఊళ్ళోనే రైల్వే క్వార్టర్సులో ఉంటోంది. పట్టాల పక్కన ఒక ఇల్లు చూసుకుంది కూడా. పట్టాల పక్కన మోతకి నిద్రెట్టా పడుతుంది పిన్నీ అంటే నవ్వేది. ఆమె చెవి ఎప్పుడూ వింటున్నది ఏమిటో నాకప్పుడు తెలిసింది.

కూతురితో క్వార్టర్సులోనే ఉండొచ్చు కదా అని ఒకరోజు అత్తయ్య అడిగేసింది. అలాంటి ప్రశ్నలు వేయడానికి అత్తయ్యకి మొహమాటం లేదు.

పిన్ని కళ్ళు పూర్తిగా తెరిచి మాట్లాడటం నేను చూసింది అప్పుడే. "క్వార్టరు మనది కాదు గదా వదినా. మా నాయన రిటైరైనాక అద్దింట్లో ఉన్నాం. మా అమ్మ ఆసుపత్రిలో పోయింది. ఇంటికి తీసుకొస్తే ఓనరు తాళం వేసుకుని పోయాడు. అద్దింట్లోకి శవాన్ని రానీయరంట. పట్టాల పక్కనే రోడ్డు మీద పరదా కట్టి, చుట్టూ చీరలు పట్టుకుని కడిగాం. అప్పుడే బండొచ్చింది. కిటికీల్లోంచి జనం అంతా చూశారు." మళ్ళీ నేలను తట్టింది. "నేను పోయినాక నా జనాజా నా గడప దాటే లేవాలి. ఇంకేం అక్కర్లా నాకు."

 ఆరోజు అత్తయ్య మొదటిసారి ఆ ఇంట్లో మజ్జిగ తాగింది.

బయానా ఇచ్చిన వారంలోనే అత్తయ్య పంచాంగం తీసి బాంబు పేల్చింది. రెండు రోజుల్లో మూఢం మొదలు. శుక్రుడు సూర్యుడి వెలుగులో పడి కనపడకుండా పోయే రోజులవి. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళుండవు, రిజిస్ట్రేషన్లుండవు, గృహప్రవేశాలసలే ఉండవు. ఆషాఢం ముంగిట్లోకి వచ్చిందాకా వదలదు. నేను గొడవ పెట్టుకున్నాను. మా ఆయన గొడవ పెట్టుకున్నట్టు నటించాడు. అత్తయ్య మాత్రం పంచాంగం మడిచి దిండు కింద పెట్టుకుంది, ఇక అప్పీలు లేదన్నట్టు.

పిన్నికి ఈ సంగతి ఏ మొహంతో చెప్పాలో తెలీక స్కూలు నుంచి నేరుగా వెళ్ళాను. ఆమె పెరట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. అంతా విని, "గేటు పడిందన్నమాట," అంది.

"ఏ గేటు పిన్నీ?"

"రైలు గేటమ్మా. గేటు పడ్డాక హారను కొట్టినోడెవడూ ముందు పోలా. మా నాయన గేటు కాడ బళ్ళు ఆగేయి. తెలివైనోళ్ళు దిగి చెట్టు కింద కూర్చునేవాళ్ళు. దోసకాయలు కొనుక్కునేవాళ్ళు. ఒకళ్ళ ఊరు ఒకళ్ళు అడుక్కునేవాళ్ళు. ఆ గేటు కాడ పరిచయాలై పెళ్ళిళ్ళు కుదిరినయ్. నువ్వు కూడా దిగి కూర్చో. గూడ్సు బండి పోనీయమ్మా."

నేను కూర్చున్నాను. ఆమెతో పాటు తొడిమలు తీశాను. చేతులు మండాయి కానీ మనసు కాస్త చల్లబడింది.

మూఢం మొదలవడానికి ముందు రోజు అత్తయ్యకి ఒక ఉపాయం తట్టింది. వెనకటికి ప్రయాణానికి మంచి రోజు కుదరకపోతే పరస్థానం పెట్టేవాళ్ళు. మంచి ఘడియలో మన వస్తువు ఒకటి తీసుకెళ్ళి ఇంకొకరింట్లో ఉంచితే, మనం బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు కదిలినా దోషం ఉండదు. ఇల్లు మారడం మాత్రం ప్రయాణం కాదా అని అత్తయ్య వాదన. పురోహితుడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వునే ఆమె ఒప్పుదల కింద జమ కట్టుకుంది. ఇత్తడి చెంబులో బియ్యం, పసుపు కొమ్ము వేసి, పైన తువ్వాలు కప్పి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి ఈ ఇంటి ఈశాన్యం మూలన పెట్టింది.

"వదినా, ఇది ఇక్కణ్ణించి కదలగూడదు. మేం బయలుదేరినట్టు. ఒకసారి బయలుదేరినాక ఎనక్కి తిప్పితే మంచిది కాదు."

"నేనుండగా ఎవరు కదుపుతారు?" అంది పిన్ని.

ఆ రెండు నెలలూ నాకు ఇప్పుడు కలలాగా అనిపిస్తాయి. నకరికల్లు ఇల్లు ఖాళీ చేసి మేము ఇక్కడ ఒక మేడ మీద అద్దెకి దిగాం. సామాను సగం మూటల్లోనే ఉంది. పైన రేకులు, కింద మేము. సెలవులు కావడంతో మధ్యాహ్నం కాగానే నేనూ అత్తయ్యా పిన్ని దగ్గరికి వచ్చేసేవాళ్ళం. చెంబులో బియ్యం మార్చాలన్నది అత్తయ్య వంక. పరస్థానానికి గడువుంటుందట. చెంబును కదపకుండా బియ్యం మాత్రం మారిస్తే గడువు మళ్ళీ మొదటికొస్తుందట. ఈ శాస్త్రం ఎక్కడుందో నేను అడగలేదు.

బియ్యం మార్చడం ఎంతసేపు. ఆ తర్వాత ముగ్గురం నాపరాళ్ళ మీద పడుకునేవాళ్ళం. వీధిలో ఐసు బండి గంట వినపడి పోయేది. పిన్ని కళ్ళు మూసుకుని నడికుడి ఇంటి గురించి చెప్పేది. వంటింటి కిటికీ పట్టాల వైపే. బండి పోతుంటే గిన్నెలు చిన్నగా మోగుతాయి. గుంటూరు పోయేదీ, కృష్ణ దాటి ఆవలికి పోయేదీ మోతను బట్టే చెప్పొచ్చు. గడప మాత్రం కొత్తది వేయించాలి. వింటూ వింటూ నేను ఎక్కడ నిద్రలోకి జారేదాన్నో తెలిసేది కాదు. ఒక్కోసారి అత్తయ్య గొంతు నిద్రమత్తులో అడిగేది, "గడప ఏ చెక్కతో వదినా?" అని. ఆ లేని ఇంట్లో ముగ్గురం కొన్నాళ్ళు కాపురం చేశాం.

ఒకరోజు నేనొక్కదాన్నే చెప్పకుండా వచ్చాను. తలుపు తెరిచే ఉంది. పిన్ని నమాజు చేసుకుంటోంది. మంచానికీ కుట్టుమిషనుకీ మధ్య సందులో, వంగినప్పుడల్లా మోచెయ్యి మిషను కాలికి తగులుతూ. ఇంత పెద్ద ఇంట్లో ఆ ఇరుకెందుకని చూస్తే అర్థమైంది. ఈశాన్యం మూల బండ ఒకచోట మిగతా నేలకన్నా నున్నగా ఉంది. ఏళ్ళుగా ఆమె మోకాళ్ళు ఆనిన చోటు అది. దాని మీద మా చెంబు కూర్చుని ఉంది.

ఆమె లేచాక, "పిన్నీ, ఒక్క మాట చెప్పొచ్చు కదా. ఇంకో మూల పెట్టేవాళ్ళం," అన్నాను. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"మీ అత్త ఆ చెంబు పెట్టేటప్పుడు మొహం చూళ్ళా నువ్వు? ఎట్టా చెబుతాం?" చాప చుట్టుకుంటూ అంది. "అల్లాకి దిక్కు కావాలి గానీ మూల అక్కర్లేదమ్మా. ఇదేం చెప్పమాక ఆమెకి."

నేను చెప్పలేదు. ఆ వయసులో అత్తయ్యని చిన్నబుచ్చడం నాకూ ఇష్టం లేకపోయింది.

మూఢం పోయేసరికి ఆషాఢం వచ్చింది. ఆ నెల్లోనే మొహర్రం పీర్లు. పీర్ల నెలలో కొత్త ఇంటి మాట ఎత్తకూడదని ఈసారి పిన్ని మరిది అడ్డం పడ్డాడు. అది దాటితే శ్రావణం, మాకు బ్రహ్మాండమైన నెల. సరిగ్గా అప్పుడే వాళ్ళకి సఫర్ నెల వస్తోంది, దాని మొదటి రోజులు మంచివి కావట. మా పంచాంగం తలుపు తీస్తే వాళ్ళ నెల తలుపు వేస్తోంది. నేను క్యాలెండరు ముందు నిలబడి పళ్ళు నూరుకుంటే పిన్ని నవ్వింది.

"మీ దేవుడూ మా దేవుడూ ఇద్దరూ గేటు కాడే కూర్చుని దోసకాయలు తింటన్నారు. మనదేముంది."

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఆషాఢంలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం, అత్తయ్య చెంబులో బియ్యం మారుస్తుంటే పిన్నికి అల్లుడి నుంచి ఫోనొచ్చింది. ఊఁ, ఊఁ అంటూ వింది. ఫోను దిండు కింద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, ముగ్గురికీ టీ పెట్టుకుని తెచ్చింది. మేం తాగేదాకా ఆగింది.

"నడికుడి ఇల్లు పోయిందంట వదినా."

ఆ ఇంటాయనతో ఆమెకి కాగితం లేదు. నోటిమాటే. మేము రిజిస్ట్రేషను చేయించుకుని సొమ్ము కడితే తప్ప ఆయనకి ఆమె కట్టలేదు. ఆయనా వైశాఖం నుంచి చూసి చూసి, ఇంకెవరో చేతిలో సొమ్ముతో వస్తే ఇచ్చేశాడు. తప్పు ఆయనదని కూడా అనలేం. ఎవరి గేటు ఎంతసేపు పడిందని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు.

అత్తయ్య చేతిలో బియ్యం అలాగే ఉన్నాయి. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అననక్కర్లేదు. మూఢం ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

నేనే అన్నాను. "పిన్నీ, మేం ఆగుతాం. నువ్వు ఇంకో ఇల్లు చూసుకున్నాకే రిజిస్ట్రేషను. లేకపోతే వద్దనుకుందాం. నీ ఇల్లు నీకే ఉంటుంది."

"మరిది వాటా సంగతి ఉండనే ఉంది గదమ్మా. మీరు కాకపోతే ఇంకొకళ్ళకి అమ్మాల్సిందే. మాటిచ్చింది మీకు." చెంబు వైపు చూసింది. "మీరు బయలుదేరి వచ్చి నా ఇంట్లో కూర్చున్నారు. బయలుదేరినోళ్ళని ఎనక్కి తిప్పగూడదని వదినే చెప్పింది గందా."

దెప్పిపొడవడానికి కాదు, ఆమె నిజంగానే నమ్మి అన్నది. అందుకే అత్తయ్యకి అది ఎక్కువ తగిలింది.   మర్నాటి నుంచి ఉపవాసాల మాట లేకుండా పిన్ని పెట్టిన రొట్టె తినడం మొదలుపెట్టింది.

శ్రావణం చివర్లో రెండు గేట్లూ లేచాయి. రిజిస్ట్రేషను అయిన సాయంత్రం పిన్ని నేలంతా కడిగింది. సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించారు. వెళ్ళేముందు వాకిట్లో కూర్చుని గడప మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, "ఏడుస్తావేందే, ఇల్లెక్కడికీ పోలా," అని నన్నే ఓదార్చి వెళ్ళింది. నడికుడిలో పట్టాల దగ్గర ఒక పోర్షను అద్దెకి తీసుకుంది.

తర్వాత నేను ఒకసారి వెళ్ళాను. చిన్న గది, ముందు కొంచెం వరండా. మాట్లాడుతుంటే గూడ్సు వచ్చింది. గిన్నెలు మోగాయి, నా గుండెలూ మోగాయి. ఆమె మాత్రం ఆ మోత పూర్తిగా పోయిందాకా కళ్ళు మూసుకుని, బండి తోక తన ముందు నుంచి వెళ్ళాకే మాట అందుకుంది. సొంతిల్లు వెతకడం మానలేదు. క్యారియరులో అన్నం సర్దుకుని అమ్మకానికున్న ఇళ్ళకి వెళ్ళేది. అక్కడే కూర్చుని తినేది. కొంచెంసేపు నడుం వాల్చేది. ఇళ్ళవాళ్ళు కొందరు నవ్వేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు. ఒక చోట కూర వేసి పెట్టారట.

ఫోనులో ఆ ఇళ్ళ కథలన్నీ చెప్పేది. ఒక ఇంట్లో అన్నం సయించింది గానీ అన్నదమ్ముల తగాదా. ఇంకో ఇంట్లో నిద్ర పట్టింది గానీ దానికి బ్యాంకు వాళ్ళ తాకట్టు ఉంది. చివరికి ఒకటి కుదిరింది. రెండు గదులు, పెరట్లో బాదం చెట్టు. బయానా కూడా ఇచ్చి ఈసారి కాగితం రాయించుకుంది.

"రిజిస్ట్రేషను ఎప్పుడు పిన్నీ?" అన్నాను.

అటువైపు నవ్వు ఆగడం లేదు. "ఆ ఇంటోళ్ళు మీ వాళ్ళేనమ్మా. మళ్ళీ మూఢం వచ్చిందంట. మాఘం దాకా ఆగమన్నారు."

అత్తయ్యకి ఈ మాట చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆమె పంచాంగం చూడటం తగ్గించి చాలా కాలమైందని నాకు అప్పుడు తట్టింది.

మాఘం రాకముందే, చలిరోజుల్లో ఒక పొద్దున్నే పిన్ని కూతురు ఫోను చేసింది. ముందురోజు గుండెల్లో నొప్పంటే అమ్మని పేట ఆసుపత్రికి తెచ్చారట. తెల్లారకముందే పోయింది. ఆ పిల్ల ఏడుస్తూనే వరసగా చెప్పుకుపోతోంది. నాన్న గోరీ పేటలోనే కాబట్టి ఇక్కడే చేస్తాం. నడికుడి ఓనరు ఫోను చేసి ఇంటికి మాత్రం తేవద్దన్నాడు. క్వార్టరు మనది కాదని అమ్మే అనేది. కొనబోయే ఇల్లు ఇంకా మనది కాలేదు. బాబాయి వాళ్ళది పైఅంతస్తు, అద్దిల్లు. అందుకని ఆసుపత్రి నుంచి నేరుగా గోరీల దగ్గరికే తీసుకెళ్ళి అక్కడ కడిగి, అటునుంచి అటే. మీరు చివరిచూపు చూసుకుంటారేమోనని చెబుతున్నానక్కా.

నేను ఫోను స్పీకరులో పెట్టి వింటున్నాను.  వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఆమె సంగతి నాకు తెలుసు. బయట ప్రాణం పోయిన మనిషిని ఇంట్లోకి తేకూడదంటుంది. సొంత తమ్ముడి శవాన్నే వాకిట్లో దించనిచ్చింది గానీ గుమ్మం దాటనివ్వలేదు. ఇల్లు చేరి రెండేళ్ళు కూడా కాలేదు, పైగా మూఢం. నేను ఆమె వైపు చూడకుండా తల దించుకున్నాను.

అత్తయ్య వచ్చి ఫోను నా చేతిలోంచి తీసుకుంది.

"ఏమే, నేను అత్తని. మీ అమ్మని ఇంటికి తీసుకురా."

అటువైపు ఏడుపు ఒక్క క్షణం ఆగింది. "ఏ ఇంటికత్తా?"

"ఏ ఇల్లేందే? మీ ఇంటికే. నీళ్ళు కాగబెడతన్నాం, వచ్చెయ్యండి."

ఎదురింటావిడకి సంగతి తెలిసి గబగబా వచ్చింది. మూఢంలో, అందులోనూ ఇట్టాంటి పని, పెద్దదానివి నీకు తెలీదా అంది. అత్తయ్య వాకిలి రెండు రెక్కలూ తీస్తూ, "మూఢం మనకి. ఆమెకి కాదుగా," అని, గడియ పైకి తోసి, తలుపు కొట్టుకోకుండా ఇటుకరాయి అడ్డం పెట్టింది. నేను ఈశాన్యం మూల దగ్గరున్న పూజ పీటని ఎత్తి లోపలి గదిలోకి మార్చాను. ఆ మూల సంగతి అత్తయ్యకి అప్పుడు చెప్పాను. ఆమె ఆ నున్నటి బండ మీద చేత్తో రాసి చూసింది. వాళ్ళొచ్చాక మంచం అక్కడే వేయించింది.

పెరట్లో పరదాలు కట్టి వాళ్ళ ఆడవాళ్ళు కడిగారు. అత్తయ్య పెరటి గుమ్మంలో నిలబడి నీళ్ళు అందించింది. పిన్ని మరిది వచ్చి వసారాలో ఒక మూల నిలబడ్డాడు. మసీదు మైకులో కబురు చెప్పించడానికి మా ఆయన బయలుదేరుతుంటే అత్తయ్య వెనక్కి పిలిచింది.

"ఒరేయ్. మైకులో మన పేరు గానీ వచ్చిందా, నా సంగతి తెలుసుగా. ఎట్టా చెప్పించాలో అట్టా చెప్పించు."

కాసేపటికి మైకు గరగరమంది. మొదట ఉర్దూలో చెప్పారు. మాకు అర్థం కాలేదు. తర్వాత తెలుగులో చెప్పారు. మోటార్ల సాయిబుగారి భార్య ఈ ఉదయం చనిపోయారు, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా ఆమె సొంత ఇంటి నుంచి బయలుదేరుతుంది. ఊరంతటికీ వినపడేలా రెండుసార్లు చెప్పారు. అత్తయ్య తల మీద కొంగు కప్పుకుని, రెండోసారి కూడా పూర్తయ్యేదాకా నిలబడే వింది.